శత్రువు సాక్ష్యం

ఉదయం తొమ్మిదీ ఇరవైకి ఖమ్రున్నీసా జమ్మలమడుగులో గుమాస్తా పార్థసారథి ఇంటి గడప ఎక్కేసరికి, ముందుగదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీని భార్గవ్ ఆక్రమించి ఉన్నాడు. కేబుల్ ఆపరేటర్ల సంఘం విజయవాడ నుంచి తెప్పించుకున్న ప్రైవేటు డిటెక్టివ్ అతను. ముప్పై అయిదేళ్లుంటాయి. ఒళ్లో ల్యాప్‌టాప్ ఉంది. ఆమెను చూసి లేవలేదు సరికదా, కాళ్లు ఇంకాస్త చాపాడు.

“ఆలస్యంగా వచ్చారండీ మేడమ్. గది నేను చూసేశాను,” అన్నాడు.

“కండ్లతో చూసినావా, దాంతో చూసినావా?” అంది ఖమ్రున్నీసా, గడ్డంతో ల్యాప్‌టాప్‌ను చూపించి.

ఆమెకు యాభై మూడేళ్లు. ఒకప్పుడు ప్రొద్దుటూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు ఆపరేటరు. ఇప్పుడు అదే ఊళ్లో ఓ బట్టల దుకాణం మేడ మీద డిటెక్టివ్ బోర్డు పెట్టుకుని బతుకుతోంది. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. ఎవరు, ఎవరితో, ఎన్ని గంటలకు, ఎన్ని నిమిషాలు అన్నది రాసుకోనిదే ఆమెకు ముద్ద దిగదు. చెవి దగ్గరే ఉండే పెన్సిలు తీసి, చేతిపుస్తకంలో 9.20 అని రాసుకుంది. కుర్చీ లేదు కనుక కిటికీ గట్టు మీద కూర్చుంది.

పార్థసారథి గుండె ఆగి పోయి ఇరవై రోజులైంది. ముప్పై ఏళ్లు ఒకే వకీలు దగ్గర గుమాస్తాగా చేశాడు. ఆ వకీలు పేరు నిర్మల. నిర్మల పేరు వింటే ఖమ్రున్నీసాకు ఇప్పటికీ దవడ బిగుసుకుంటుంది.

జమ్మలమడుగు మిషన్ బడి పంతులు దేవపాలు కూతురు నిర్మల. తొంభై నాలుగులో నల్లకోటు వేసుకుంది. పలకని ఫోనుకు బిల్లెందుకు కట్టాలని పేదల తరఫున వాదించి పేరు తెచ్చుకుంది. తర్వాత హైకోర్టు, ఢిల్లీలో అప్పీళ్ల ట్రిబ్యునల్, ఆ పైన టెలికాం నియంత్రణ మండలికి న్యాయ సలహాదారు పదవి. రెండేళ్ల కిందట ఏకంగా మండలి అధ్యక్షురాలైంది. దేశంలో ఏ తీగ ఎవరి గుంజకు కట్టాలో చెప్పే కుర్చీ అది. ఆ మెట్లన్నీ ఆమె తెలివితోనే ఎక్కిందని ఖమ్రున్నీసా కూడా ఒప్పుకుంటుంది. ఎవరి వీపుల మీద కాలు పెట్టి ఎక్కిందన్నది వేరే సంగతి. అందులో ఒక వీపు తనది.

తొంభై తొమ్మిది ఆగస్టు నాటి మాట. ప్రొద్దుటూరులో ఫోను బూత్ నడిపే ఓబులేసు అనే వాడు ఊళ్లోవాళ్ల తీగలకు కొక్కేలు తగిలించి, తన బేరగాళ్ల ట్రంకు కాల్స్ వాళ్ల నెత్తిన రుద్దుతున్నాడని కేసు పడింది. ఆ కాల్స్ కలిపిన ఆపరేటరు ఖమ్రున్నీసా. తాను స్వయంగా రాసిన ముప్పై ఒక్క కాల్ చీటీలు పట్టుకుని బోనెక్కింది. ఓబులేసు తరఫు వకీలు నిర్మల చిరునవ్వుతో దగ్గరికొచ్చి, ముందు ఒక చీటీ చేతికిచ్చి ఇది నీ రాతేనా అని అడిగింది. తన రాతలాగే ఉంది, తన పొడి సంతకం ఉంది. అవునంది. చీటీ మీది తేదీ మార్చి పన్నెండు, శుక్రవారం. ఆ రోజు ఆమెకు వారపు సెలవు. ఎక్స్ఛేంజి హాజరుపట్టీ తీసి నిర్మల జడ్జి ముందు పెట్టింది.

“ఒక చీటీ దొంగదని తేలాక మిగతా చీటీలకు విలువేముంది?” అన్నాడు జడ్జి. ముప్పై ఒక్క అసలు చీటీలు చెత్తబుట్టలో పడ్డాయి. ఓబులేసు దండలేసుకుని బయటికొచ్చాడు. ఖమ్రున్నీసా ఉద్యోగం పోయింది. అబద్ధపు సాక్షి అన్న పేరు మాత్రం ఉండిపోయింది. ఆ ఓబులేసు బూత్ పెరిగి పెరిగి ఇప్పుడు మేఘవాణి అనే పెద్ద కంపెనీ అయింది.

పదిహేను రోజుల కిందట ఒక కాగితం పత్రికల వాళ్లకు పేరు లేని కవర్లో వచ్చింది. నిర్మల పాత లెటర్‌హెడ్ మీద టైపు మిషన్‌తో కొట్టిన రెండు పేజీల ఒప్పందం. తేదీ 1999 జూన్ 14. ఓబులేసు వ్యాపారంలో నాలుగో వంతు నిర్మలదని, ఆమె పేరు బయటికి రాకూడదని దాని సారాంశం. కింద ఇద్దరి సంతకాలు, సాక్షిగా పార్థసారథి సంతకం. చిన్న ఊళ్ల కేబుల్ తీగలన్నీ పెద్ద కంపెనీల కిందికి తెచ్చే ఉత్తర్వు మీద రేపు పదకొండు గంటలకు నిర్మల సంతకం పెట్టబోతోంది. ఈ మూడు ఊళ్లలో పెద్ద కంపెనీ అంటే మేఘవాణే. కాగితం నిజమైతే ఉత్తర్వు పోతుంది, కుర్చీ పోతుంది. అబద్ధమైతే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో కేబుల్ నడుపుకునే రెండు వందల కుటుంబాలు రోడ్డున పడతాయి.

దాన్ని తేల్చమని మండలి కార్యదర్శి ఖమ్రున్నీసాకు ఫోను చేశాడు. ఇంకా విచిత్రం, ఈ రోజు సాయంత్రం నాలుగింటికి పులివెందులలో జరిగే వినియోగదారుల సభలో ఆ నివేదికను ఆమే స్వయంగా చదవాలట. ఇన్ని కోట్ల మంది ఉండగా నన్నే ఎందుకు పిలిచారన్న ప్రశ్న మూడు రోజులుగా ఆమె చెప్పులో రాయిలా నలుగుతోంది.

భార్గవ్ తన లెక్క తాను చెప్పుకుపోయాడు. కాగితం పాతదే, లెటర్‌హెడ్ ఆవిడదే, టైపు ఇదిగో ఈ మూల ఉన్న మిషన్‌దే, సంతకం తొంభై రెండు శాతం కలిసింది అన్నాడు. ఆ కాగితం నిజమని తన నివేదిక ఇప్పటికే సిద్ధమైందని, సీమలో ఎక్స్ఛేంజి మూతపడ్డ ఆపరేటర్లతో పోటీ పడాల్సి వస్తుందని అనుకోలేదని కూడా అన్నాడు.

ఖమ్రున్నీసా ఆ మాట మింగింది. తన ఫోన్లో ఉన్న కాగితం ఫొటో తెరిచి అతని ముఖం ముందు పెట్టింది.

“పైన ఫోన్ నంబరు చదువప్పా.”

“08560, 250417.”

“తేదీ?”

“తొంభై తొమ్మిది జూన్ పద్నాలుగు. అయితే?”

“ఆ పొద్దు జమ్మలమడుగులో నంబర్లన్నీ అయిదంకెలే. ఈయమ్మ ఆఫీసు 50417. ఈ చేత్తో దినాం కలిపిన నంబరు అది. ముందర రెండంకె చేర్చింది మూడేండ్ల తర్వాత. రాబోయే నంబరును ముందే అచ్చేయించుకునేటోళ్లు యాడన్నా ఉంటారా?”

భార్గవ్ కాళ్లు దగ్గరికొచ్చాయి. ల్యాప్‌టాప్‌లో ఏదో వెతికాడు, మళ్లీ వెతికాడు. చెవులు ఎర్రబడ్డాయి. అంత తేలిగ్గా దొరికే తప్పు రెండు వారాలుగా తన కంట పడలేదన్న ఉక్రోషం అతని నోట్లోంచి వచ్చింది.

“మీరు ఆవిడకు పగవాళ్లని విన్నానండీ. ఎప్పుడు అమ్ముడుపోయారు?”

వంటింటి గుమ్మంలో నిలబడ్డ పార్థసారథి భార్య వెంకటసుబ్బమ్మ తల తిప్పుకుంది.

“పగ ఉండాది,” అంది ఖమ్రున్నీసా. “ఇరవై ఆరేండ్లుగా ఉండాది. ఆయమ్మ పడిపోతే చూడల్లని నాకు నీకంటే శానా ఆశ. అయినా దొంగ కాయితాన్ని మంచిదని నేను రాయను. అట్ల రాసేదాన్నని కోర్టులో పేరు పెట్టింది ఆయమ్మ. ఆ పేరును నేనే నిజం చెయ్యల్లనా?”

కిటికీ గట్టు మీదే కూర్చుని ఆమె తన నివేదికను ఇంకోసారి చదువుకుంది. ఎనిమిది పేరాలు. నిన్న ప్రొద్దుటూరులో మండలి కార్యదర్శి ఎదుట సీలు కవరు విప్పి, పత్రికల వాళ్ల దగ్గర్నుంచి మండలి తెప్పించిన ఆ కాగితాన్ని భూతద్దం కింద చూసినవన్నీ వరసగా ఏడు పేరాల్లో రాసి, ఆయన చేత సాక్షి సంతకం, మండలి ముద్ర వేయించింది. ఎక్కడ మడత, ఎక్కడ చిరుగు, ఎక్కడ మరక. ఎనిమిదో పేరాలో ఇవాళ్టి ముగింపు చేర్చింది. ఫోన్ నంబరును బట్టి ఇది తర్వాత సృష్టించిన దొంగ కాగితమని, ఇక్కడి సంగతులు తెలియని బయటివాళ్ల పని అని రాసింది. వేలు పంపే గుర్తు మీద కాసేపు ఆగింది. తనను ముంచిన మనిషిని తన చేత్తోనే ఒడ్డుకు చేరుస్తోంది. అయినా నొక్కింది. పదకొండూ ముప్పై అయిదు అని రాసుకుంది.

భార్గవ్ ల్యాప్‌టాప్ మూసి వెళ్లిపోయాడు. పోతూ తలుపు దడాలున వేశాడు.

ఇక ఆమెకు అక్కడ పని లేదు. కానీ గుమాస్తా గది వదిలి పోబుద్ధి కాలేదు. ఓబులేసు కేసు కాగితాల కట్ట ఈ గది బీరువాలోనే ఉంటే, ఆ దొంగ చీటీ ఎవరు రాశారో ఏమైనా ఆనవాలు దొరుకుతుందేమోనని ఆశ. కట్టలు చూడొచ్చా అని వెంకటసుబ్బమ్మను అడిగింది.

“చూసుకో. అందరూ చూస్తాండారు. చచ్చిన మనిషిని అడిగేదానికి వచ్చేటోళ్లే గాని, బతికుండగా ఒక్కరన్నా వచ్చినారా?” అంది ముసలావిడ కోపంగా. చెంబుతో నీళ్లు మాత్రం తెచ్చి పెట్టింది.

బీరువాలో ఇరవై మూడు కట్టలున్నాయి. ఎడమ మూల దబ్బనంతో పొడిచి, నూలుతాడుతో బిగించినవి. ఓబులేసు కట్ట వాటిలో లేదు. భార్గవ్ పై పేజీలకు ఫొటోలు తీసినట్టున్నాడు, దుమ్ము మీద వేళ్ల గుర్తులు అంతవరకే ఉన్నాయి. ఖమ్రున్నీసా మొదటి కట్టను బోర్లించింది. ఆఖరి కాగితం వెనక, కింది రెండు మూలల్లో, బొటనవేలంత మరకలు. రెండో కట్ట బోర్లించింది. అక్కడా అవే. మూడు, నాలుగు, తొమ్మిది. కొన్ని గోధుమరంగుకు తిరిగాయి, కొన్ని ఇంకా పసుపుపచ్చగానే ఉన్నాయి.

ఆమె కట్టను వదిలేసింది. ఫోను తీసి నిన్నటి ఫొటోల్లో ఆఖరిది తెరిచింది. దొంగ కాగితం రెండో పేజీ వెనక భాగం. కింది రెండు మూలల్లో బొటనవేలంత పసుపు మరకలు. ఎవరో అన్నం చేత్తో పట్టుకున్నారని నిన్న అనుకుంది. అనుకున్నా, అలవాటు కొద్దీ ఆరో పేరాలో రాసింది.

“అమ్మా, ఏంది ఈ పసుపు?”

“ఏంది అంటావేమి? పసుపు పెట్టంది ఆయన ఏ కాయితాన్నీ గడప దాటనిచ్చేటోడు కాదు,” అంది వెంకటసుబ్బమ్మ. “నిర్మలమ్మ వాళ్లు ఏసును కొలిచేటోళ్లు గదా, కండ్లబడితే ఏమనుకుంటాదోనని ఆఖరు కాయితం ఎనకమాల పెడతాండె. ముప్పై ఏండ్లలో ఆయమ్మ ఒక్క పొద్దన్నా తిప్పి చూసింది ల్యా.”

ఖమ్రున్నీసా ఫోనును కట్ట పక్కన పెట్టి చూసింది. లెక్క ఎంత తేలికగా ఉందో అంత భయంగా ఉంది. వెనకపేజీ పసుపు సంగతి బయటివాళ్లకు తెలియదు. అంటే దొంగ కాగితం పార్థసారథి చేతులతోనే తయారైంది. ఆఫీసు పాత నంబరు ఆయనకు తన పేరంత బాగా తెలుసు. అంటే తప్పు నంబరు పొరపాటున పడలేదు, కావాలనే పెట్టాడు. పట్టుబడేలా ఒక దొంగ కాగితం చెయ్యమని ఆ గుమాస్తాకు చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు.

ఎవరైనా తన మీద తానే దొంగ సాక్ష్యం ఎందుకు పుట్టించుకుంటారు? ఆ జవాబు ఖమ్రున్నీసాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ముందు ఒక దొంగ చీటీ చూపించి పట్టించాలి. ఆ తర్వాత ఎన్ని అసలు చీటీలు వచ్చినా జడ్జి చెత్తబుట్ట చూపిస్తాడు. పాతికేళ్లు దాటినా వకీలు ఎత్తు మార్చలేదు. సాక్షిని కూడా మార్చలేదు. ఈసారి ఆ కాగితం దొంగదని చెప్పించడానికి నిర్మల తన స్నేహితుల్ని పిలవలేదు, జిల్లాలో అందరికీ తెలిసిన తన శత్రువును పిలిచింది. శత్రువే దొంగదని చెప్పాక ఇక ఎవరు నోరెత్తుతారు?

“అమ్మా,” అంది ఖమ్రున్నీసా. “ఈ మధ్య ఆయన ఆ మిషన్ మీద ఏమన్నా కొట్టినాడా?”

ముసలావిడ ముఖం ముడుచుకుంది. తనకేమీ తెలియదంది, గుమాస్తా పనుల్లో ఆడవాళ్లు వేలు పెట్టరంది, వంటింట్లోకి పోబోయింది. ఖమ్రున్నీసా దారికి అడ్డంగా నిలబడింది. మెత్తగా అడిగే ఓపిక ఆమెకు లేదు. ఈ సాయంత్రం పులివెందులలో మైకు ముందు ఏం జరగబోతోందో, అసలు కాగితం ఎక్కడైనా ఉంటే అది చిత్తుకాగితం ఎలా అవుతుందో, పార్థసారథి సాక్షి సంతకం దొంగ సంతకంగా ఎలా మిగిలిపోతుందో అన్నీ ముఖాన కొట్టినట్టు చెప్పింది. ఆఖరి మాట వినగానే వెంకటసుబ్బమ్మ నిలబడిపోయింది.

“ఆయనది దొంగ సంతకమా?” అంది.

ఆ తర్వాత ఆమె ఆగలేదు. రెండు నెలల కిందట నిర్మల తన తల్లి ఆనందమ్మ జ్ఞాపకార్థ ప్రార్థనకు ఊరొచ్చింది. తిరిగిపోతూ ఒక్కతే ఇక్కడికొచ్చి, రెండంకె చేరిన లెటర్‌హెడ్లు నాలుగు బల్ల మీద పెట్టింది. పాత ఒప్పందం మళ్లీ అదే మాటలతో కొట్టి, సాక్షి సంతకం పెట్టి పంపమంది, మిగతా సంతకాలు తాను చూసుకుంటానంది. నంబరు తప్పమ్మా అని ఆయన చెబితే, ఆ తప్పే కావాలంది. అసలుదేమైందని అడిగింది. ఎలుకలు కొట్టాయని ఆయన అబద్ధమాడాడు, మాటలు మాత్రం తనకు కంఠతా వచ్చన్నాడు. రెండు రోజులు కూర్చుని కొట్టాడు. అయిపోయాక, ఎప్పటిలాగే చెయ్యి దానంతటదే పసుపు భరిణ మీదికి పోయింది. పెట్టాక గానీ తానేం చేశాడో ఆయనకు తెలియలేదు.

“దొంగ కాయితానికి గూడా పసుపు పెడితినే సుబ్బూ అని ఏడిసినాడు. ఆ పొద్దు నుంచి సరిగ్గా తిన్నది ల్యా. ఆ కాయితమే ఆయన్ని తినింది,” అంది వెంకటసుబ్బమ్మ. ఆమె కళ్లలో నీళ్లు లేవు, కోపమే ఉంది.

“అసలుది?”

“పసుపు పెట్టిన కాయితాన్ని ఎట్ల కాలుస్తాం? ఇంటికి అరిష్టం గదా.”

దేవుడి పీట కింద పాత పంచాంగాల దొంతర ఉంది. దానిలో అడుగు నుంచి మూడో పంచాంగంలో ఉంది కాగితం. లెటర్‌హెడ్ మీద 50417. నిర్మల సంతకం, ఓబులేసు సంతకం, సాక్షి పార్థసారథి. వెనక కింది మూలల్లో పసుపు ఎప్పుడో గోధుమరంగయింది. జూన్ పద్నాలుగు. అంటే ఆగస్టులో తనను బోనులో చీల్చినప్పుడు నిర్మల వాదించింది కక్షిదారు కోసం కాదు, తన వాటా కోసం. ఖమ్రున్నీసా కాగితాన్ని రెండు వైపులా ఫొటో తీసింది. ఫీజు తీసుకున్న వకీలు తన పని తాను చేసిందిలే అని ఇన్నేళ్లు అప్పుడప్పుడూ సరిపెట్టుకునేది. ఇప్పుడు ఆ సర్దుబాటు కూడా పోయింది.

పన్నెండూ యాభైకి ఆమె భార్గవ్‌కు ఫోను చేసింది. అంత కష్టమైన కాల్ ట్రంకు లైన్ల కాలంలో కూడా కలపలేదు. తన ముగింపు తప్పని, కారు తీసుకుని వెనక్కి రమ్మని చెప్పింది. ఎంత తప్పు అని అతను అడిగాడు. కాగితం దొంగదే గానీ, అది ఎవరి పనన్నది మొత్తం తప్పు అని ఒప్పుకుంది.

ముద్దనూరు మీదుగా కారు పులివెందుల చేరేసరికి మూడూ ఇరవై అయిదు. దారి పొడుగునా భార్గవ్ దెప్పుతూనే ఉన్నాడు. పంపిన నివేదిక వెనక్కి తీసుకుంటే అబద్ధపు సాక్షి మళ్లీ మాట మార్చిందంటారని, తీసుకోకపోతే అసలు కాగితం కూడా దొంగదే అంటారని, ముందు గొయ్యి వెనక నుయ్యి అని వివరించాడు. అతను చెప్పింది అక్షరాలా నిజమే. వెనక సీట్లో వెంకటసుబ్బమ్మ ఇరవై మూడు కట్టల సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఖమ్రున్నీసా తన నివేదికను మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదివింది. ఆరో పేరా దగ్గర పెన్సిలు ఆగింది. దొంగ కాగితం వెనక పసుపు ఉందని అసలుది బయటపడక ముందే, మండలి ముద్రతోనే, అందులో రాసి ఉంది.

సభ ఒక కల్యాణ మండపంలో జరుగుతోంది. మండలి అధ్యక్షురాలిని పెళ్లికూతురి గదిలో కూర్చోబెట్టారు. గోడంతా అద్దం. నిర్మల తెల్ల చీరలో, నెరిసిన జుట్టుతో, ఇస్త్రీ నలగకుండా కూర్చుని ఉంది. బల్ల మీద ఖమ్రున్నీసా నివేదిక అచ్చుప్రతి ఉంది. కార్యదర్శిని బయటికి పంపేసింది.

“రండి ఖమ్రున్నీసా గారూ. మీ నిజాయితీకి నేను రుణపడి ఉంటాను,” అంది. ఢిల్లీ వెళ్లాక ఆమె తెలుగు కూడా అచ్చులో పోసినట్టు తయారైంది.

ఖమ్రున్నీసా అసలు కాగితం ఫొటో ఆమె ముందు పెట్టింది. నిర్మల దాన్ని చూసింది. రెప్ప కూడా వెయ్యలేదు. చదివి, ఫోనును వేలితో వెనక్కి తోసింది.

“ఎలుకలు కొట్టలేదన్నమాట. పాపం సారథి గారు,” అంది. “అయినా ఇప్పుడు దీనితో ఏం చేస్తారు? పొద్దున మీరే ఒకటి దొంగదని తేల్చారు. సాయంత్రానికి అదే మాటలతో, అవే సంతకాలతో ఇంకొకటి తెస్తే ఎవరు నమ్ముతారు? కోర్టులో మీకొకసారి చెప్పారు కదా.”

“ఒక చీటీ దొంగదైతే మిగతా చీటీలకు విలువేముంది అని.”

“గుర్తుంది మీకు.”

“మర్సిపోయేటట్లు చేసినావా నువ్వు?” ఖమ్రున్నీసా నిలబడే ఉంది. “నేను కండ్లతో చూసి రాసిన దాంట్లో ఒక్క అక్షరం గూడా వెనక్కి తీసుకోను. నువ్వు చదవమన్న కాయితాన్నే నువ్వు చదవమన్న చోటే చదువుతా. ఒక్క మాట అడగల్ల. సారథప్ప రాసిన కాయితాల్లో ఆఖరుది ఎప్పుడన్నా తిప్పి చూసినావా?”

నిర్మల మొదటిసారి తల ఎత్తింది. అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని అలా వదిలేసే మనిషి కాదు కనుక అచ్చుప్రతి అందుకుంది. ఎనిమిదో పేరా ఒక్కటే చదివి ఊరుకుందని ఖమ్రున్నీసాకు అప్పుడు తెలిసింది. ముగింపు అనుకూలంగా ఉంటే ముందు పేరాలు చదవని వకీళ్లు ఎంతమందో. ఆమె కళ్లు మూడు, నాలుగు, అయిదు దాటి ఆరో పేరా మీద నిలబడ్డాయి. రెండో పేజీ వెనక, కింది మూలల్లో, బొటనవేలు పరిమాణంలో కొత్త పసుపు మరకలు. పక్కన పదకొండు ఫొటోల వివరం. కింద కార్యదర్శి సాక్షి సంతకం, మండలి ముద్ర.

“ఏంది ఈ పసుపు?” అంది నిర్మల. ఢిల్లీ తెలుగు జారిపోయింది. జమ్మలమడుగు మిషన్ బడి వీధిలో పుట్టిన పిల్ల గొంతు అది.

తలుపు సందులోంచి హాలు కనిపిస్తోంది. ముందు వరసలో వెంకటసుబ్బమ్మ ఉంది. భార్గవ్ ఆమె పక్కన కూర్చుని, సంచిలోంచి కట్టలు ఒక్కొక్కటే తీసి కుర్చీల మీద బోర్లిస్తున్నాడు. విలేకరులు వంగి చూస్తున్నారు. నిర్మల ముసలావిడను చూసింది, కట్టల వెనక మూలలు చూసింది. ముప్పై ఏళ్లు తనను నొప్పించకూడదని ఒక మనిషి దాచిన సంగతి ఆమెకు ఆ నిమిషంలో తెలిసింది. లేచి నిలబడి ఫోను తీసి ఎవరికో తక్కువ గొంతుతో రెండు మాటలు చెప్పింది. గంట మూడూ యాభై తొమ్మిది.

వేదిక మీద కార్యదర్శి ఏమీ తెలియక ఖమ్రున్నీసా పేరు పిలిచాడు. అధ్యక్షురాలికి ఒకప్పుడు ఎదురుసాక్షిగా నిలిచిన మహిళే ఈ రోజు నిజం చెప్పబోతోందని చప్పట్లు కొట్టించాడు. ఆమె మెట్లెక్కింది. మైకు ముందు నివేదిక విప్పింది.

“ఆరో పేరా నుంచి చదువుతా,” అంది.

మొదటి వాక్యం సగంలో మైకు చచ్చిపోయింది. వెంటనే లైట్లు పోయాయి, ఫ్యాన్లు ఆగాయి. హాలు వెనక పెద్ద తలుపు దగ్గర మేఘవాణి చొక్కాలు వేసుకున్న నలుగురు లోపలికి వచ్చి గడియ పెట్టారు. వాళ్లు ముందు వరస వైపు నడవడం మొదలుపెట్టారు. భార్గవ్ లేచి, అసలు కాగితం ఉన్న వెంకటసుబ్బమ్మ ముందు అడ్డంగా నిలబడ్డాడు.

ఖమ్రున్నీసా మైకును పక్కకు జరిపింది. కడప, మద్రాసు, బళ్లారి లైన్ల గోలలో ఎనిమిదేళ్లు అరిచిన గొంతు అది. దానికి కరెంటు అక్కర్లేదు. ఆరో పేరా మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టింది. వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి కిటికీల దగ్గరికొచ్చారు.